ఫ్లష్ ట్యాంకు లోపలి సామాను మార్చుకోవడం ఎలా?

కమోడ్‌లోకి సన్నగా నీళ్లు జారుతూనే ఉంటాయి. ట్యాంకు నిండినా చప్పుడు ఆగదు. బటన్ మూడుసార్లు నొక్కితే గానీ ఫ్లష్ పడదు. ఈ మూడింటిలో ఏది వచ్చినా అందరూ అడిగేది ఒకటే: లోపలిదంతా మార్చాలా, చేతనైతే మనమే మార్చుకోవచ్చా? మొత్తం మార్చే అవసరం సగం సందర్భాల్లో ఉండదు. ఉన్నా, నట్టు విప్పి బిగించడం వచ్చినవాళ్లు తీరిగ్గా కూర్చుంటే ఒక పూటలో అయిపోయే పని.

మొదలుపెట్టే ముందే ఒక్క మాట. ఇందులో నీళ్లను ఆపేది రబ్బరు వాషర్లే. నట్టు పని వాషర్‌ని కదలకుండా పట్టి ఉంచడం వరకే. కారుతోందని నట్టును ఇంకా ఇంకా బిగించడం వల్ల ప్లాస్టిక్ మరలు జారిపోతాయి, లేదంటే పింగాణి పగులుతుంది. ఈ పనిలో జరిగే నష్టం చాలావరకు అక్కడే.

ముందు పాడైందేదో తేల్చుకోండి

ట్యాంకులో ముఖ్యమైనవి రెండే. నీళ్లు లోపలికి వదిలి, నిండగానే ఆపేది ఫిల్ వాల్వ్. బాల్ వాల్వ్, ఫ్లోట్ వాల్వ్ అనేదీ దీన్నే. నీళ్లను కమోడ్‌లోకి వదిలేది ఫ్లష్ వాల్వ్. దానికి ఆనుకునో దాని మధ్యలోనో నిలువుగా నిలబడే ఖాళీ గొట్టం ఓవర్‌ఫ్లో.

మూత తీసి చూడండి. నీళ్లు ఓవర్‌ఫ్లో అంచు దాటి లోపలికి పొర్లుతుంటే తప్పు ఫిల్ వాల్వ్‌ది, లేదా దానికుండే ఫ్లోట్ (నీళ్లతో పాటు పైకి తేలే బుడ్డి) ఎత్తు ఎక్కువ పెట్టారు. మట్టం అంచు కంటే కిందే ఉన్నా కమోడ్‌లో నీళ్లు జారుతుంటే ఫ్లష్ వాల్వ్ అడుగు వాషర్ కూర్చోవడం లేదన్నమాట.

ఇంకా అనుమానంగా ఉంటే ట్యాంకు నిండాక యాంగిల్ కాక్ (ట్యాంకుకు వచ్చే నీళ్లను కట్టే చిన్న కుళాయి) కట్టేసి, లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. అరగంట ఆగి చూడండి.

- మట్టం కదలకపోతే ఫ్లష్ వాల్వ్ బాగుంది. ఫిల్ వాల్వ్ చూసుకోండి.
- దిగుతూ దిగుతూ ట్యాంకు అడుగుదాకా వచ్చేస్తే ఫ్లష్ వాల్వ్ వాషర్ పోయింది.
- కొంత దిగి మధ్యలో ఒకచోట ఆగిపోతే, సరిగ్గా ఆ ఎత్తులో ఓవర్‌ఫ్లో గొట్టం చీలిందో, దాని జాయింటు వదులైందో చూడండి. దీన్ని వాషర్ సమస్య అనుకుని అడుగు వాషర్ మార్చి, మళ్లీ కారుతోందని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ.
- కమోడ్‌లోకి కాకుండా ట్యాంకు కింద, నేల మీద తడి కనిపిస్తే బోల్టుల వాషర్లు, ట్యాంకుకీ కమోడ్‌కీ మధ్య ఉండే స్పాంజి వాషర్, ఫిల్ వాల్వ్ కింది నట్టు, వీటిలో ఒకటి.

పోయింది అడుగు వాషర్ ఒక్కటే అయితే ట్యాంకు దించే పనే లేదు. బటన్ రకం ఫ్లష్ వాల్వుల్లో చాలావాటికి పై భాగం అడుగు భాగంలోకి తిప్పి బిగించేదే. నీళ్లు ఖాళీ చేసి, పై భాగాన్ని పట్టుకుని ఎడమవైపు పావు చుట్టు తిప్పితే ఊడి చేతికొస్తుంది. కొన్నింటికి పక్కన రెండు క్లిప్పులుంటాయి, వాటిని నొక్కి పైకి లాగాలి. కింద గుండ్రటి రబ్బరు కనిపిస్తుంది. ముందు దాన్ని తిరగేసి వేసి చూడండి, కొత్తది దొరికేదాకా పని నడుస్తుంది. రబ్బరు కూర్చునే గట్టు మీద సున్నపు పొర ఉంటే వెనిగర్ తడిపిన గుడ్డతో మెత్తబరిచి తుడవండి. ఇసుక కాగితం పెట్టి రుద్దకండి. గీతలు పడితే కొత్త వాషర్ కూడా కారుతుంది.

కావలసినవి

- కొత్త ఫిల్ వాల్వ్, ఫ్లష్ వాల్వ్. రెండూ కలిపి సెట్టుగానూ వస్తాయి.
- ట్యాంకును కమోడ్‌కి పట్టి ఉంచే కొత్త బోల్టులు, వాటి వాషర్లు, మధ్యలో వచ్చే స్పాంజి వాషర్. సెట్టులో ఇవి లేకపోతే విడిగా తీసుకోండి. ట్యాంకు దించాక పాత స్పాంజిని మళ్లీ వాడకూడదు. ఒకసారి నొక్కుకుపోయింది రెండోసారి పొంగదు.
- యాంగిల్ కాక్ నుంచి ట్యాంకుకు వచ్చే కనెక్షన్ పైపు. పాతది తుప్పు పట్టినా, చివర రబ్బరు గట్టిపడినా మార్చేయండి.
- అడ్జస్టబుల్ స్పానర్, పెద్ద నట్టుకు సరిపడా నోరు తెరుచుకునే వాటర్ పంప్ ప్లయర్, స్క్రూడ్రైవర్, హ్యాక్సా బ్లేడు.
- బకెట్టు, స్పాంజి, పాత తువ్వాళ్లు రెండు, టార్చి, టిష్యూ కాగితం, ఆహారంలో కలిపే రంగు కొద్దిగా.

కొనేటప్పుడు కొలతలు ఊహించకండి. చూసుకోవాల్సినవి నాలుగు: ట్యాంకు అడుగున ఫ్లష్ వాల్వ్ దూరే రంధ్రం వ్యాసం, ట్యాంకు లోపలి ఎత్తు, నీళ్లు వచ్చేది అడుగు నుంచా పక్క నుంచా, బటన్ మూత మీద ఉందా లేక ముందు పిడి ఉందా. పక్క నుంచి వచ్చే ట్యాంకుకు అడుగు నుంచి వచ్చే ఫిల్ వాల్వ్ పనికిరాదు. కనెక్షన్ పైపు మర కూడా అన్నిచోట్లా ఒకటే ఉండదు. పాత సామాను విప్పి, దాన్ని చేత పట్టుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొనడమే అన్నిటికంటే భద్రం. ఆ కాసేపూ కమోడ్‌లో బకెట్టుతో నీళ్లు పోసుకోవచ్చు.

నీళ్లు పై ట్యాంకు నుంచి తక్కువ ఒత్తిడితో వచ్చే ఇల్లయితే ఇంకో సంగతి. కొన్ని ఫిల్ వాల్వుల నోట్లో నీటి ధారను తగ్గించే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది ఎక్కువ ఒత్తిడికి. తక్కువ ఒత్తిడి ఉన్నచోట దాన్ని తీసేయకపోతే ట్యాంకు నిండడానికి పావుగంట పడుతుంది. వాల్వ్‌తో వచ్చిన కాగితంలో ఇది రాసి ఉంటుంది, చదవండి.

విప్పడం

1. యాంగిల్ కాక్ కట్టేసి ఫ్లష్ చేయండి. రెండు నిమిషాలు ఆగండి. ట్యాంకులోకి చుక్క కూడా రాకూడదు. వస్తుంటే కాక్ పూర్తిగా మూసుకోవడం లేదు. బలవంతంగా తిప్పకుండా ఆ లైను మొత్తానికి ఉన్న వాల్వ్ కట్టేయండి.

2. బటన్ రకమైతే మూత ఒక్కసారిగా ఎత్తకండి. బటన్ చుట్టూ ఉన్న రింగును ఎడమవైపు తిప్పి విప్పాలి. కొన్నింటిలో చిన్న బటన్ పైకి లాగితే కింద స్క్రూ కనిపిస్తుంది. మూతను తీసి దూరంగా, పరుపు మీదో తువ్వాలు మీదో పడుకోబెట్టండి. గోడకు ఆనించి నిలబెట్టిన మూత జారి పగలడం మామూలే, విడి మూత దొరకడం కష్టం.

3. లోపల ఏది ఎక్కడుందో ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీసుకోండి. ముఖ్యంగా ఫిల్ వాల్వ్ నుంచి ఓవర్‌ఫ్లోకు వెళ్లే సన్నని గొట్టం.

4. ఫ్లష్ చేశాక కూడా అడుగున కొన్ని నీళ్లు మిగులుతాయి. స్పాంజితో పిండి తీసేయండి. తీయకపోతే అవి తర్వాత మీ మీదే పడతాయి.

5. బకెట్టు కింద పెట్టి కనెక్షన్ పైపు విప్పండి. లోపల ఫిల్ వాల్వ్‌ను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, బయట నట్టును ఎడమవైపు తిప్పండి. ఫిల్ వాల్వ్ ఒక్కటే మార్చేవాళ్లకు విప్పడం ఇక్కడితో అయిపోయింది. నేరుగా 12వ అంచెకు వెళ్లండి.

6. ఇప్పుడు ట్యాంకు బోల్టులు. కమోడ్ వెనక అడుగున నట్లు ఉంటాయి, సాధారణంగా రెండు. లోపల బోల్టు తలను స్క్రూడ్రైవర్‌తో పట్టుకుని కింద నట్టు తిప్పండి. తుప్పు పట్టి తిరగకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట ఆగండి. అయినా రాకపోతే ట్యాంకుకీ కమోడ్‌కీ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు పెట్టి బోల్టును కోసేయండి. బ్లేడు పింగాణిని గీరకుండా రెండు వైపులా అట్టముక్క పెట్టండి. సుత్తితో కొట్టడం, మెలితిప్పి విరవాలని చూడడం వద్దు.

7. ట్యాంకును నిటారుగా పైకి ఎత్తి, నేల మీద పరిచిన తువ్వాలు మీద పడుకోబెట్టండి. ఖాళీదైనా బరువుగానే ఉంటుంది, తడి చేతుల్లో జారుతుంది. ఇంకొకరి సాయం తీసుకోండి.

8. అడుగున ఉన్న స్పాంజి లాగేయండి. పెద్ద నట్టు వాటర్ పంప్ ప్లయర్‌తో విప్పితే పాత ఫ్లష్ వాల్వ్ లోపలికి ఊడుతుంది.

రంధ్రం చుట్టూ లోపలా బయటా శుభ్రం చేయడం మీదే మిగతా పనంతా ఆధారపడి ఉంది, ఇక్కడ తొందరపడొద్దు. పాత రబ్బరు ముక్కలు, సున్నం, ఎవరో ఎప్పుడో పూసిన సిలికాన్, ఏదీ మిగలకూడదు. కళ్లను నమ్మకుండా వేలితో చుట్టూ తడిమి చూడండి, గరుకు తగిలిన చోటల్లా రేపు నీళ్లు కారతాయి. అలాగే టార్చి ఒక పక్క నుంచి వేసి వెంట్రుకలాంటి పగుళ్లున్నాయేమో చూడండి. రంధ్రం దగ్గర పగులు కనిపిస్తే పని ఆపేయండి. ఆ ట్యాంకు మార్చాల్సిందే, ఏ జిగురూ నమ్మకంగా నిలవదు.

బిగించడం

9. కొత్త ఫ్లష్ వాల్వ్ ఎత్తు ముందే సరిచూసుకోండి. ట్యాంకులో నిలబెట్టి మూత పెట్టి చూడండి. ఓవర్‌ఫ్లో పై అంచు, పిడి ఉన్న ట్యాంకులో పిడి రంధ్రం కంటే కనీసం 25 మిల్లీమీటర్లు కిందుండాలి. లేకపోతే ఎప్పుడైనా ఫిల్ వాల్వ్ ఆగనప్పుడు నీళ్లు కమోడ్‌లోకి కాకుండా ఆ రంధ్రంలోంచి నేల మీదికొస్తాయి. ఓవర్‌ఫ్లో గొట్టం జరిపేదైతే జరపండి, కోయమని కాగితంలో ఉంటే కోయండి. కోసింది మళ్లీ పొడవు కాదు, కాబట్టి రెండుసార్లు కొలవండి.

10. పెద్ద రబ్బరు వాషర్ ట్యాంకు లోపలి వైపు ఉండాలి. బయట నట్టు. ఇది తారుమారు చేసి బయట రబ్బరు, లోపల ఉత్త ప్లాస్టిక్ పెట్టడం అందరూ చేసే తప్పు. వాల్వ్‌ను దించి, నట్టు చేత్తో ఎంతవరకు తిరిగితే అంతవరకు తిప్పి, ప్లయర్‌తో ఇంకో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. అంతే. బిగించేటప్పుడు లోపల వాల్వ్ తిరిగిపోకుండా పట్టుకోండి. తిరిగితే ఫిల్ వాల్వ్ ఫ్లోట్‌కు అడ్డం వస్తుంది.

నట్టు మొదటి చుట్టులోనే గట్టిగా ఉంటే మర అడ్డంగా పడిందని అర్థం. విప్పేసి, ముందు ఎడమవైపు తిప్పుతూ మర టక్కున కూర్చున్నట్టు అనిపించాక కుడివైపు తిప్పండి.

11. కొత్త స్పాంజి వాషర్‌ను ఆ నట్టు మీద పూర్తిగా తొడగండి. బోల్టులకు రబ్బరు వాషర్ ఎక్కించి లోపలి నుంచి దించండి. తల కింద రబ్బరు, కమోడ్ కింద ప్లాస్టిక్ లేదా లోహపు వాషర్, ఆ తర్వాత నట్టు. ట్యాంకును నిటారుగా దించాక ఒకవైపు రెండు చుట్లు, మరోవైపు రెండు చుట్లు, అలా మార్చి మార్చి బిగించండి. ఒకవైపే పూర్తిగా బిగిస్తే ట్యాంకు వంగి, రెండోవైపు బిగించేసరికి పగులుతుంది. ట్యాంకు సమంగా కూర్చుని, చేత్తో ఊపితే ఊగకుండా ఉంటే చాలు.

12. ఫిల్ వాల్వ్ పెట్టండి. దీనికీ రబ్బరు లోపలే. వాల్వ్ మీద సి.ఎల్. (క్రిటికల్ లెవెల్) అనే గుర్తు ఉంటే అది ఓవర్‌ఫ్లో అంచు కంటే 25 మిల్లీమీటర్లు పైకి ఉండేలా ఎత్తు సర్దండి. ఫ్లోట్ ట్యాంకు గోడకు గానీ ఫ్లష్ వాల్వ్‌కు గానీ తగలకుండా పైకీ కిందికీ కదలాలి. చేత్తో ఆడించి చూడండి. చేత్తో బిగించి పావు చుట్టు.

13. ఫిల్ వాల్వ్ నుంచి వచ్చే సన్నని గొట్టాన్ని ఓవర్‌ఫ్లో అంచుకు క్లిప్పుతో పెట్టండి. అది కమోడ్ అడుగున నీళ్లు నిలబడేలా చూస్తుంది. పెట్టడం మరిచిపోతే నీటి మట్టం తగ్గి వాసన వస్తుంది. దాన్ని ఓవర్‌ఫ్లోలోకి లోతుగా తోసేయకండి. కొస నీటి మట్టం కంటే కిందికి పోతే ట్యాంకులో నీళ్లను చప్పుడు లేకుండా లాగేస్తూ ఉంటుంది. అప్పుడు మీరు లేని లీకు కోసం వెతుక్కోవాలి.

14. కనెక్షన్ పైపు కలిపే ముందు ఒక చిన్న పని. పైపు ట్యాంకు వైపు చివరను బకెట్టులో పెట్టి యాంగిల్ కాక్ రెండు మూడు సెకన్లు తెరవండి. విప్పేటప్పుడు రాలిన తుప్పు, ఇసుక బయటికొచ్చేస్తాయి. ఇది చేయకపోతే అవి నేరుగా కొత్త ఫిల్ వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. "కొత్తది పెట్టిన రోజే పాడైంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

15. పైపు ట్యాంకుకు కలపండి. చివర రబ్బరు ఉన్న పైపుకు టెఫ్లాన్ టేపు చుట్టకండి. ఆ రబ్బరు ఆనితేనే నీళ్లు ఆగుతాయి, టేపు దాన్ని సరిగ్గా ఆననివ్వదు. రబ్బరుకు గ్రీజు, వాజలిన్ కూడా పూయొద్దు. పెట్రోలియం రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. పూయక తప్పదనిపిస్తే సిలికాన్ గ్రీజు మాత్రమే.

నీళ్లు వదిలి సరిచేయడం

కాక్ సగం తెరిచి మెల్లగా నింపండి. నింపుతూనే కింద చేయి పెట్టి చూస్తుండండి. నిండాక నీటి మట్టం ఓవర్‌ఫ్లో అంచుకు 20 నుంచి 25 మిల్లీమీటర్లు కింద ఆగాలి. ట్యాంకు లోపల గీత వేసి ఉంటే దాన్నే నమ్మండి. ఎక్కువ తక్కువలుంటే ఫ్లోట్ పక్కనున్న స్క్రూనో క్లిప్పునో జరపండి.

ఇక బటన్. సగం తలనొప్పి ఇక్కడే. మూత కింది బటన్ కడ్డీలు ఫ్లష్ వాల్వ్ మీద కొద్దిగా ఆనీ ఆననట్టు, 2 నుంచి 3 మిల్లీమీటర్ల సందుతో ఉండాలి. పొడవుగా ఉంటే మూత పెట్టిన క్షణం నుంచి వాల్వ్ నొక్కుకునే ఉంటుంది. మూత తీస్తే ఆగే లీకు, మూత పెడితే మొదలయ్యే లీకు ఇదే. పొట్టిగా ఉంటే ఎంత నొక్కినా నీళ్లు సగమే వస్తాయి. కడ్డీని మర తిప్పి పొడవు సర్దాలి. గొలుసు రకమైతే గొలుసులో సుమారు 12 మిల్లీమీటర్ల వదులు ఉంచండి. బిగుతుగా ఉంటే గొలుసు ఎత్తే అడుగు రబ్బరు మూత పూర్తిగా కూర్చోదు. మరీ వదులైతే కింద ఇరుక్కుని అడ్డం పడుతుంది.

నిజంగా ఆగిందో లేదో చూడడం

చేతికి తడి తగలకపోవడం చాలదు. ప్రతి నట్టు కింద, ప్రతి బోల్టు కింద పొడి టిష్యూ అద్ది చూడండి, చుక్క కారకముందే కాగితం చెబుతుంది. కొత్తగా బిగించినవాటిలో ముందు కారేది బోల్టు వాషర్. అది చెమర్చితే ఆ ఒక్క నట్టునే ఎనిమిదో వంతు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. రెండుసార్లు తిప్పినా ఆగకపోతే బిగించడం మానేసి విప్పండి. వాషర్ మడతపడి ఉంటుంది, లేదా కింద ఏదో రేణువు ఉంటుంది.

తర్వాత అయిదారుసార్లు వరసగా ఫ్లష్ చేయండి. సగం, పూర్తి రెండూ. ప్రతిసారీ నీళ్లు అదే గీత దగ్గర ఆగుతున్నాయా, ఆగాక చప్పుడు పూర్తిగా ఆగుతోందా?

చివరగా ట్యాంకులో రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట వదిలేయండి. కమోడ్ నీళ్లలో రంగు కనబడితే అడుగు వాషర్ ఇంకా కూర్చోలేదు. పై భాగం తీసి మళ్లీ తిప్పి బిగించండి, చాలాసార్లు అది చివరిదాకా తిరిగి ఉండదు.

కొన్ని తేడాలు

గోడకు విడిగా తగిలించిన ప్లాస్టిక్ ట్యాంకులో పని ఇంకా తేలిక. ట్యాంకు బోల్టుల బదులు కింద పొడవాటి ఫ్లష్ పైపు నట్టు ఉంటుంది, మిగతాదంతా ఒకటే. ఆ ట్యాంకు గోడలు పలచన, కాబట్టి బిగించేటప్పుడు లోపలి నుంచి చేత్తో ఆనుగా పట్టుకోండి.

గోడలోపల దాచిన ట్యాంకు వేరే కథ. బటన్ పలక తీస్తే కనిపించే కిటికీలోంచే పనంతా చేయాలి. లోపలే చిన్న కాక్ ఉంటుంది, ముందు దాన్ని కట్టాలి. ఒక కంపెనీ సామాను ఇంకో కంపెనీ ట్యాంకుకు పట్టదు, పలక వెనకో వాల్వ్ మీదో ఉన్న మోడల్ నంబరు రాసుకుని అదే తెప్పించాలి. దానికోసం టైల్స్ పగలగొట్టాలని ఎవరైనా అంటే ముందు పలక తీసి చూడమనండి.

ట్యాంకే లేకుండా, గోడలో మీట నొక్కితే నీళ్లొచ్చే వాల్వ్ ఉన్నవాళ్లకు ఈ పద్ధతి వర్తించదు.

ట్యాంకులో వేసే రంగు బిళ్లలు, క్లోరిన్ బిళ్లలు కొత్త వాషర్లను గట్టిపరుస్తాయి. వాటిని మానేయండి. టాయిలెట్ శుభ్రం చేసే ఆసిడ్ కూడా ట్యాంకులో పోయకండి, అది కమోడ్‌కే. నీళ్లలో సున్నం ఎక్కువుంటే ఆరు నెలలకోసారి ఫిల్ వాల్వ్ నోట్లో ఉండే జల్లెడ తీసి కడగండి. ట్యాంకు నిండడం నెమ్మదించిందంటే మొదట చూడాల్సిందీ అదే.

ఒక రోజు గడిచాక మరోసారి టిష్యూ పట్టుకుని కూర్చోండి. స్పాంజి వాషర్ ట్యాంకు బరువుకు కొద్దిగా అణుగుతుంది, దాంతో బోల్టులు వదులవుతాయి. ట్యాంకు ఊగుతుంటే రెండు నట్లనూ సమంగా, మార్చి మార్చి, చిటికెడు బిగించండి. ఊగకపోతే ముట్టుకోకండి.